రాయికీ తుప్పు పడుతుంది

1. ఎర్రనీరు

ఆషాఢం వస్తుంది. ఎగువన వానలు పడతాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరి రంగు మారుతుంది. నిన్నటిదాకా తేటగా ఉన్న నీరు ఎర్రగా, చిక్కగా వస్తుంది. "ఎర్రనీరు దిగింది" అంటారు పెద్దవాళ్లు. పులస చేప సముద్రం నుంచి ఏటికి ఎదురు ఈదేది కూడా ఆ రోజుల్లోనే. ఆ నీరే కాలువల్లో పడుతుంది. ఊరూరా తిరుగుతుంది. చెరువులు నింపుతుంది, చేలు తడుపుతుంది.

ఆ ఎరుపు ఎక్కడిది? మట్టిది అంటాం. నిజమే. మరి మట్టికి ఆ ఎరుపు ఎక్కడిది?

ఇంకో సంగతి. కొన్ని ఊళ్లలో బోరింగు నీరు కొట్టినప్పుడు తేటగా ఉంటుంది. బిందెలో పోసి పొద్దున చూస్తే పచ్చగా మారి ఉంటుంది. అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటుంది. తెల్ల బట్టలు ఆ నీళ్లలో ఉతికితే పసుపు మరకలు పడతాయి. ఆ ఎరుపు ఎక్కడిది?

ఏటిలో ఎరుపు, బిందెలో ఎరుపు, కొడవలికి పట్టిన తుప్పు. ఈ మూడూ ఒకే కుటుంబం. మూడింటిలోనూ ఉన్నది ఇనుమే. ఇనుము గాలితోను, నీటితోను కలిసి మారిన రూపమే ఆ ఎరుపు. ఆ మార్పు ఎలా జరుగుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం. మన తాగునీటికి, మన చేనుకు, మన ఒంటికి దానితో ఏం పనో కూడా తెలుసుకుందాం.

2. తుప్పు అంటే ఏమిటి?

కత్తిపీట కడిగి తుడవకుండా పెడితే తెల్లారేసరికి తుప్పు పడుతుంది. పొడి గుడ్డతో తుడిచి పెడితే పట్టదు. నూనె రాసిన కొడవలికీ పట్టదు. అంటే తుప్పు పట్టడానికి మూడు కావాలి. ఒకటి ఇనుము. రెండు తడి. మూడు గాలి. నూనె రాస్తే తడీ గాలీ ఇనుముకు తగలవు. అందుకే తుప్పు రాదు.

గాలిలో అన్నీ కలిసి ఉంటాయి. నూరు పాళ్ల గాలిలో సుమారు 21 పాళ్లు ప్రాణవాయువు. దీన్నే ఆక్సిజన్ అంటారు. మనం పీల్చి బతికేది దీనితోనే. ఇనుముతో కలిసి తుప్పుగా మార్చేదీ ఇదే. ఒక పదార్థం ఇలా ప్రాణవాయువుతో కలిసి మారడాన్ని ఆక్సీకరణం అంటారు. మాట కొత్తదే గాని, సంగతి మన వంటింట్లోదే.

వంకాయ కోసి ఊరికే ఉంచితే ముక్కలు నల్లబడతాయి. అందుకే కోయగానే నీళ్లలో వేస్తాం. ఎందుకు? గాలి తగలకుండా. వంకాయ నలుపు వేరు, ఇనుము తుప్పు వేరు. కాని రెండింటికీ కారణం ప్రాణవాయువే.

3. ఇనుముకు రెండు వేషాలు

కత్తిపీటలో ఉన్నది లోహపు ఇనుము. రాతిలో, మట్టిలో, నీటిలో ఇనుము అలా విడిగా ఉండదు. వేరే వాటితో కలిసి ఉంటుంది. అలా కలిసి ఉన్న ఇనుము రెండు వేషాలు వేస్తుంది.

మొదటి వేషంలో దానికి ప్రాణవాయువు ఇంకా చాలినంత అందలేదు. ఈ వేషంలో అది నీటిలో ఉప్పులాగా కరుగుతుంది. కరిగితే కంటికి కనపడదు. దీన్ని ఫెర్రస్ ఇనుము అంటారు. మనం దీన్ని కరిగే ఇనుము అనుకుందాం.

రెండో వేషంలో దానికి ప్రాణవాయువు బాగా అందింది. ఇక అది మామూలు నీటిలో కరగదు. ఎర్రగానో పసుపుగానో పైకి కనపడుతుంది. దీన్ని ఫెర్రిక్ ఇనుము అంటారు. దీన్ని తుప్పు ఇనుము అనుకుందాం.

గాలి తగిలితే మొదటిది రెండోది అవుతుంది. గాలి అందకుండా చాలాకాలం నీటమునిగి ఉంటే రెండోది మళ్లీ మొదటిది కాగలదు. ఈ పాఠం అంతా ఈ రాకపోకల కథే. ఇది గుర్తుంటే మిగతాది సులువు.

4. రాతిలో ఇనుము

మన కాళ్ల కింద ఉన్న నేల పైపొరలో ఎక్కువగా ఉన్నది ప్రాణవాయువే. ఆశ్చర్యంగా ఉందా? గాలిలో ఉన్నట్టు కాదు. రాతిలో కలిసిపోయి ఉంది. దాని తరువాత సిలికాన్, ఆపైన అల్యూమినియం. నాలుగో స్థానం ఇనుముది. తూకంలో నూటికి సుమారు అయిదు పాళ్లు.

ఇసుక అంటే ఏమిటి? చాలావరకు సిలికాన్, ప్రాణవాయువు కలిసినదే. ఈ రెండింటితో పాటు ఇనుము, సున్నపు లోహమైన కాల్షియం, మెగ్నీషియం లాంటివి కూడా కలిసి గట్టిపడితే వాటిని సిలికేట్ ఖనిజాలు అంటారు. మన రుబ్బురోళ్లు, సన్నికళ్లు, కొండలు చాలావరకు ఇవే.

సిలికేట్‌ను తేనెపట్టు అనుకోండి. సిలికాన్, ప్రాణవాయువు కలిసి గట్టి గూళ్లు కడతాయి. ఆ గూళ్ల మధ్య ఇనుము కూర్చుని ఉంటుంది. ఎక్కువగా మొదటి వేషంలోనే ఉంటుంది. అంటే కరిగే ఇనుము. కాని గూటిలో బంధించి ఉంది గనుక కరిగిపోదు. గాలి తగలదు గనుక తుప్పు కాదు. కోట్ల సంవత్సరాలైనా అలాగే ఉంటుంది.

ఇనుము ఉన్న సిలికేట్లు చాలా రకాలు. నల్లరాతిలో ఉండే పైరాక్సీన్, ఆలివిన్. కొండరాతిలో ఎర్రగింజల్లా మెరిసే గార్నెట్. రాళ్లలో పొరలు పొరలుగా తళుక్కుమనే నల్ల కాకిబంగారం. ఇవన్నీ ఆ జాతే.

5. పంగిడి నల్లరాయి

రాజమండ్రి వంతెన దాటి కొవ్వూరు మీదుగా వెళితే పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు ఊళ్లు వస్తాయి. ఇవి పూర్వం పశ్చిమ గోదావరి జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తూర్పు గోదావరిలో కలిశాయి. అక్కడ నల్లరాయి క్వారీలున్నాయి. మన రోడ్లకు, ఇళ్ల స్లాబులకు వాడే నల్లకంకర అలాంటి చోటనే పుడుతుంది. రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర కూడా ఈ రాయి ఉంది.

ఆ రాయి పేరు బసాల్ట్. అది ఒకప్పుడు కరిగి ప్రవహించిన నిప్పు. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల కిందట పడమటి దేశంలో, ఇప్పటి మహారాష్ట్ర వైపు, భూమి చీలి కరిగిన రాయి పొంగింది. పొరలు పొరలుగా పరుచుకుంది. దాన్ని లావా అంటారు. అందులో కొన్ని ప్రవాహాలు సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి మన రాజమండ్రి దాకా వచ్చాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అప్పుడు ఇక్కడ సముద్రం ఒడ్డు ఉండేది. ఈ క్వారీల్లో రెండు నల్లరాతి పొరల మధ్య సున్నపురాతి పొరలున్నాయి. అందులో సముద్రపు గుల్లలు రాయిగా మారి దొరికాయి.

ఈ నల్లరాయి నూరు కిలోలు తీసుకుంటే ఇసుకలో ఉండే సరుకు సగం దాకా ఉంటుంది. ఇనుము, దానితో కలిసిన ప్రాణవాయువు కలిపి పది కిలోలకు పైనే. మన రోడ్డు మీద పడ్డ కంకరలో అంత ఇనుముంది! అయినా కొత్తగా పగలగొట్టిన ముక్క నల్లగానే ఉంటుంది. అదే రాయి ఏళ్ల తరబడి వానకు తడిసిన చోట చూడండి. పైన గోధుమరంగు, తుప్పురంగు చర్మం కట్టి ఉంటుంది. పగలగొడితే లోపల నలుపు.

పైన ఎందుకు మారింది? లోపల ఎందుకు మారలేదు? పైన గాలీ తడీ తగిలాయి. లోపల తగలలేదు. కత్తిపీట సంగతే మళ్లీ.

6. రాయి మట్టి కావడం – నాలుగు మెట్లు

మొదటి మెట్టు: పగులు. పగలు ఎండ, రాత్రి చల్లదనం, చెట్ల వేళ్లు. వీటివల్ల రాతిలో సన్న పగుళ్లు వస్తాయి. తడి లోపలికి దిగడానికి దారి దొరుకుతుంది.

రెండో మెట్టు: పులుపు. వాన నీరు గాలిలోంచి బొగ్గుపులుసు వాయువును కొంచెం కలుపుకుంటుంది. నేలలో వేళ్లు, కుళ్లే ఆకులు ఇంకొంచెం ఇస్తాయి. నీటికి మన నాలుకకు తెలియనంత పులుపు వస్తుంది. చింతపండు పులుసు ఇత్తడి బిందె మీది మురికిని వదిలిస్తుంది గదా. అలాగే ఈ పులుపు సిలికేట్ గూళ్లను నెమ్మదిగా వదులు చేస్తుంది.

మూడో మెట్టు: తుప్పు. గూడు వదులైతే ఇనుము బయటపడుతుంది. నీటితో వచ్చిన ప్రాణవాయువు దాన్ని పట్టుకుంటుంది. కరిగే ఇనుము తుప్పు ఇనుము అవుతుంది. ఎర్రగా ఉండే తుప్పును హెమటైట్ అంటారు. పసుపు, గోధుమ రంగులో ఉండే తుప్పును గోథైట్ అంటారు.

నాలుగో మెట్టు: ఉబ్బు. తుప్పు పట్టిన ఇనుముకు ఎక్కువ చోటు కావాలి. సముద్రం దగ్గర ఊళ్లలో పాత స్లాబు ఇళ్లు చూడండి. లోపలి ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది. సిమెంటు పెచ్చులూడి పడుతుంది. రాతిలోనూ అంతే. ఉబ్బుకు కొత్త పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలోకి మళ్లీ తడి దిగుతుంది. పెచ్చు మీద పెచ్చు లేస్తుంది. క్వారీ అంచున కొన్ని బండలు ఉల్లిపాయ పొరల్లా ఊడి ఉంటాయి. ఆ పొరలు అలా వచ్చినవే.

చివరికి ఏం మిగులుతుంది? సున్నం, సోడియం లాంటివి నీటిలో కరిగి ఏటిలో కలుస్తాయి. గూళ్లు విరిగి బంకమట్టి అవుతాయి. తుప్పు కరగదు గనుక అక్కడే ఉండి ఆ మట్టికి పూత పూస్తుంది. నీరు బాగా ఇంకిపోయే చోట అలా ఎర్రమట్టి తయారవుతుంది.

మరి అదే నల్లరాయి నుంచి నల్లరేగడి కూడా వస్తుంది గదా? వస్తుంది. నీరు నిలిచే చదును నేలల్లో ఇనుము చాలావరకు కొత్త బంకమట్టి గూళ్లలోనే ఉండిపోతుంది. ఎర్రపూత పెద్దగా పూయదు. రాయి ఒకటే. నీరు నడిచే తీరు వేరు. అందుకే మట్టి వేరు.

ఈ పని ఒక ఏడాదిలో జరిగేది కాదు. ఒక బెత్తెడు మట్టి తయారు కావడానికి వందల, వేల ఏళ్లు పడుతుంది. గట్టు తెగి ఒక్క వానకు ఆ మట్టి కొట్టుకుపోతుంది. చేనిగట్టు మీద గడ్డి ఉంచాలని పెద్దలు అనేది అందుకే.

7. ఎక్కడెక్కడి ఎరుపు

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరకు వస్తుంది. ఎగువన నల్లరాతి దేశం. దిగువన పాపికొండలు. ఈ తూర్పు కనుమల్లో ఖొండలైట్ అనే రాయి ఎక్కువ. అక్కడి ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అందులో గార్నెట్ గింజలుంటాయి. గార్నెట్‌లోని ఇనుము గాలీ తడీ తగిలి తుప్పు పట్టడం వల్ల ఆ రాయి ఎర్రమరకలతో ఉంటుంది. మెత్తబడుతుంది. ఒడిశాలోని కోణార్క్ గుడిని పదమూడో శతాబ్దంలో ఎక్కువగా ఈ రాతితోనే కట్టారు. ఉప్పుగాలికి, వానకు ఆ శిల్పాలు అరిగిపోతున్నాయి. రాయి కూడా శాశ్వతం కాదు.

వానాకాలంలో ఈ కొండల ఎర్రమట్టి వాగుల్లో పడి గోదావరిలో కలుస్తుంది. సన్నని మట్టిరేణువుకు తుప్పు పూత ఉంటుంది. లక్షల కోట్ల రేణువులు కలిసి వస్తే అదే ఎర్రనీరు. మన లంకలు, మన పొలాలు ఆ మట్టి పేరుకుని ఏర్పడినవే.

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. అవి నిజానికి ఇసుక దిబ్బలు. ఇసుకలో ఉన్న ఇనుప ఖనిజాలు వేల ఏళ్లు గాలికి, వానకు మారి ప్రతి రేణువుకూ ఎర్రపూత పూశాయి. 2014లో వాటిని దేశ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అంటే వాటిని తవ్వుకుపోకుండా కాపాడుకోవాలి.

ఆకాశంలో కుజుడు ఎర్రగా కనిపిస్తాడు. కుజగ్రహం మీద కూడా నల్లరాయి జాతి రాళ్లే ఉన్నాయి. ఆ నేలమీది దుమ్ముకు తుప్పు రంగు ఉంది. 2013లో మన దేశం పంపిన మంగళయాన్ అక్కడి ఫొటోలు తీసి పంపింది. కుజదోషం అని పెళ్లిళ్లు ఆపుకునే వాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. అక్కడ ఎర్రగా కనిపించేది కోపం కాదు, తుప్పు.

8. వరి చేలో వెనక్కి నడిచే తుప్పు

ఎర్రనీటి మట్టి మన చేలో పడింది. దమ్ము చేశారు. నీరు నిలిచింది. నీటి కింద మట్టికి గాలి అందదు. ఉన్న కాస్త ప్రాణవాయువునూ మట్టిలోని సూక్ష్మజీవులు వాడేస్తాయి. తరువాత అవి తుప్పులో ఉన్న దాన్ని కూడా వాడుకుంటాయి. అప్పుడు తుప్పు ఇనుము మళ్లీ కరిగే ఇనుము అవుతుంది. మట్టి ఎరుపు పోయి బూడిదరంగుకు వస్తుంది. ఊడుపులు ఊడ్చే ఆడవాళ్లు ఆ బూడిదరంగు బురదను రోజూ చూస్తూనే ఉంటారు.

కలుపు తీసేటప్పుడు ఒక వరి మొక్కను వేళ్లతో సహా పీకి కడిగి చూడండి. వేళ్ల మీద ఎర్రని పూత కనపడుతుంది. వరి మొక్క తన కాడలోంచి గాలిని వేళ్లకు పంపుతుంది. ఆ గాలి తగిలి వేరు చుట్టూ ఉన్న ఇనుము తుప్పుగా మారి వేరుకు అంటుకుంటుంది.

బోదెల్లో, నిలిచిన నీటి మీద ఒక్కోసారి నూనె తెట్టులాంటిది రంగులతో మెరుస్తుంది. "ఎవరో డీజిలు పోశారు" అనుకుంటారు. పుల్లతో కదిపి చూడండి. నూనె అయితే తెగి మళ్లీ కలిసిపోతుంది. పెంకుల్లా ముక్కలై అలాగే ఉండిపోతే అది ఇనుము తెట్టు. దానివల్ల భయం లేదు.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. మెట్టనారు పోసిన మడిలో నీరు నిలవదు. గాలి బాగా ఆడుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా అంతా తుప్పురూపంలోనే ఉంటుంది. కరగదు. మొక్కకు అందదు. కొత్త ఆకులు పసుపుగా, తరువాత తెల్లగా పాలిపోతాయి. అప్పుడు లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద చల్లమంటారు. అన్నభేది అంటే కరిగే ఇనుము. మరి నిమ్మ ఉప్పు ఎందుకు? పులుపు ఉంటే ఇనుము త్వరగా తుప్పు పట్టదు. కలిపిన నీరు ఎర్రబడేదాకా ఉంచితే ఇక ఉపయోగం ఉండదు. కలిపిన వెంటనే చల్లాలి.

9. బోరింగు దగ్గర

ఇక బిందె సంగతికి వద్దాం. డెల్టాలో భూమి లోపల పాత ఏటిమట్టి పొరలున్నాయి. వాటిలో కప్పడిపోయిన చెట్టూ చేమా కుళ్లుతూ ఉంటుంది. అక్కడ గాలి లేదు. అందువల్ల ఇనుము కరిగే వేషంలో నీటిలో ఉంటుంది. బోరింగు కొడితే తేటనీరే వస్తుంది. గాలి తగిలాక తుప్పుగా మారి ఎర్రబడుతుంది. లీటరు నీటిలో మిల్లీగ్రాములో మూడో వంతు ఇనుమున్నా చాలు, బట్టలకు మరక పడుతుంది. మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు.

ఒక అత్తా కోడలూ బోరింగు దగ్గర ఇలా మాట్లాడుకున్నారనుకుందాం.

"ఈ నీళ్లొద్దే అమ్మాయ్. బిందె చూడు, ఎలా ఎర్రబడిపోయిందో. కాలవ నీళ్లు తెచ్చేయ్. అద్దంలా ఉన్నాయి."

"కాలవలో పైవూరోళ్లు గేదెలు కడుగుతారండి, అత్తయ్యగారూ. బట్టలూ అక్కడే ఉతుకుతారు. చూడ్డానికే తేట అండి."

"మరి ఈ ఎరుపు తాగితే కడుపు పాడవదా?"

"అది ఇనుమటండి. రుచి బాగోదు గాని అంత ప్రమాదం కాదంటండి. కాలవలో ఉన్న క్రిములు కంటికి కనపడవు. చంటాడికి మొన్న విరేచనాలు పట్టుకున్నది ఆ నీళ్లకే అనిపిస్తోందండి."

"అయితే ఏం చేద్దామంటావు?"

"ఈ నీళ్లకి గాలి తగిలించి, ఇసకలో వడకట్టి, మరగబెడదామండి. ముందు పరీక్ష చేయిద్దామండి."

కోడలు చెప్పింది సరైన మాట. కంటికి కనపడే ఎరుపుకు భయపడి, కనపడని క్రిములున్న నీటి దగ్గరకు వెళ్లకూడదు. కలరా, టైఫాయిడ్, విరేచనాలు తెచ్చేవి ఆ క్రిములే. చంటిబిడ్డల ప్రాణం తీసేవీ అవే.

అయితే ఒక హెచ్చరిక. ఎరుపు ఒక్కటే చూసి నీరు మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. ఉప్పు, ఫ్లోరైడు, క్రిములు ఉన్నాయో లేదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో నీరు పరీక్షిస్తారు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని నియమం ఉంది. పరీక్షపెట్టెలో ఇనుము చూసే మందు కూడా ఉంటుంది. మీ ఊళ్లో ఆ పని నేర్చిన వాళ్లు ఎవరో పంచాయతీలో అడగండి. లేకపోతే మీరే నేర్చుకుంటామని చెప్పండి. చదువు వచ్చిన వాళ్లకు అది కష్టం కాదు.

10. చేసి చూద్దాం

కరక్కాయ పరీక్ష: ఒక కరక్కాయ చితక్కొట్టి, గాజుగ్లాసులో వాననీటిలో గంటసేపు నానబెట్టండి. ఇనుప గిన్నె వాడవద్దు. ఆ రసం రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోయండి. ఒకదానిలో వాననీరు, రెండోదానిలో బోరింగు నీరు కలపండి. బోరింగు నీటిలో ఇనుము బాగా ఉంటే అది నీలినలుపుగా మారుతుంది. ఇదే కారణంతో ఆ నీళ్లతో కాచిన టీ నల్లగా ఉంటుంది. పెడన కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన రసంతో అచ్చు వేస్తే నల్లరంగు వస్తుంది. అదీ ఈ పనే.

మూడు కుండల పద్ధతి: మూడు కుండలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టండి. పై కుండకు అడుగున సన్నని బెజ్జాలు చాలా పెట్టండి. నీరు అందులోంచి జల్లులా పడాలి. జల్లుగా పడితే గాలి బాగా తగులుతుంది. ఇనుము తుప్పుగా మారుతుంది. మధ్య కుండకు అడుగున ఒక బెజ్జం పెట్టి గుడ్డ వేయండి. దానిమీద చిన్న గులకరాళ్లు, ఆపైన బాగా కడిగిన ఏటి ఇసుక జానెడు ఎత్తున పోయండి. తుప్పు ఇసుకలో ఆగిపోతుంది. తేటనీరు కింది కుండలోకి దిగుతుంది. ఇసుక ఎర్రబడి నీరు నెమ్మదిగా దిగుతుంటే తీసి కడగండి.

ఈ పద్ధతి ఇనుమును తగ్గిస్తుంది. క్రిములను చంపదు. ఉప్పును, ఫ్లోరైడును తీయదు. అందుకే వడకట్టాక నీరు తెర్లేదాకా మరగబెట్టాలి. లేదా ఆరోగ్య కార్యకర్త చెప్పిన కొలతలో క్లోరిన్ మాత్ర వేయాలి. మూత పెట్టాలి. కాడ ఉన్న గరిటెతో ముంచాలి. చెయ్యి ముంచకూడదు.

11. ఒంట్లో ఇనుము

"ఇనుమున్న నీళ్లే గదా, తాగితే రక్తం పడుతుంది" అని కొందరంటారు. అది నమ్మి ఊరుకోకూడదు. తుప్పు ఇనుము మన పేగుల్లో సరిగా ఇంకదు. కరిగే ఇనుమే బాగా ఇంకుతుంది. మట్టికీ మొక్కకూ వర్తించిన నియమమే మన ఒంటికీ వర్తిస్తుంది.

మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆయాసం, నీరసం, కళ్లు తిరగడం, రెప్పల లోపల పాలిపోవడం దీని గుర్తులు. కాన్పులో ఇది తల్లి ప్రాణం మీదికి తెస్తుంది. గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులు ఇస్తారు. అంగన్‌వాడీలోను, ఆరోగ్య కేంద్రంలోను ఉచితమే. మలం నల్లబడిందని మానేయకూడదు. అది మామూలే.

మాత్రను టీతో మింగకూడదు. కరక్కాయ ఇనుమును పట్టుకున్నట్టే టీ కూడా పట్టుకుంటుంది. ఒంటికి అందనీయదు. నిమ్మరసం, జామపండు, ఉసిరికాయ తింటే మంచిది. వాటి పులుపులో ఉన్న సి విటమిను ఇనుమును కరిగే వేషంలో ఉంచుతుంది. నారుమడికి నిమ్మ ఉప్పు ఏం చేసిందో, ఒంటికి నిమ్మకాయ అదే చేస్తుంది. తోటకూర, మునగాకు, రాగులు, పప్పులు, చేపలు, మాంసం వీలునుబట్టి తినాలి. అందరికీ వడ్డించి అడుగూ బొడుగూ తినే అలవాటు ఇల్లాలు మానాలి.

గుర్తుంచుకుందాం

• ఇనుమున్న సిలికేట్ రాళ్లు గాలికి, తడికి మారి ఎర్రమట్టి అవుతాయి.
• గాలి తగిలితే ఇనుము తుప్పు అవుతుంది. గాలి అందకపోతే మళ్లీ కరుగుతుంది.
• ఎర్రబడే నీటికన్నా క్రిములున్న తేటనీరు ఎక్కువ ప్రమాదం.
• గాలి తగిలించాలి, వడకట్టాలి, మరగబెట్టాలి.
• ఐరన్ మాత్ర పులుపుతో మేలు, టీతో కీడు.

చెప్పండి

1. నూనె రాసిన కొడవలికి తుప్పు ఎందుకు పట్టదు?
2. నల్లరాయి పైన గోధుమరంగు, లోపల నలుపు. ఎందుకు?
3. బోరింగు నీరు కొట్టగానే తేటగా ఉండి, తరువాత ఎందుకు ఎర్రబడుతుంది?
4. అన్నభేదిలో నిమ్మ ఉప్పు ఎందుకు కలుపుతారు?

రాయండి

మీ ఊళ్లో తాగునీరు ఎక్కడెక్కడి నుంచి వస్తోంది? ఏ నీరు రంగు మారుతోంది? ఎన్నాళ్ల కిందట పరీక్ష చేశారు? పది మంది కలిసి అయిదు వాక్యాల్లో రాయండి. అందరూ సంతకాలు చేయండి. ఆ కాగితం గ్రామసభలో చదవండి.

కొత్త మాటలు

ఆక్సీకరణం – ప్రాణవాయువుతో కలిసి మారడం.
సిలికేట్ – సిలికాన్, ప్రాణవాయువు, లోహాలు కలిసిన రాతి పదార్థం.
బసాల్ట్ – లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి.
రక్తహీనత – రక్తంలో ఇనుముతో తయారయ్యే ఎర్రసరుకు తగ్గిపోవడం.